మందకు చెప్పని అబద్ధం

పోయిన శుక్రవారం పొద్దున కృష్ణగిరి నుంచి ఒక లాయరమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమె చేతిలో పాత క్యాలెండరు కాగితంలో చుట్టిన కట్ట ఉంది. కట్టకు గోనె దారం. ఆ ముడి చూడగానే అది ఎవరు వేసిందో తెలిసిపోయింది. లాగితే ఊడి వచ్చే ముడి. దారం తెంపితే ఆయనకు గిట్టేది కాదు, తెంపిన దారం ఇంకొకసారి పనికి రాదనేవాడు.

కట్ట పైన అరవంలో ఏదో రాసి ఉంది. నా మనవరాలు గౌరి చదివింది. "బేరిగై అవ్వ అలమార కాయితాలు. తప్పకుండా వాపసు ఇయ్యల్ల."

"సారు పోయి ఇరవై దినాలయిందమ్మా," అని లాయరమ్మ మెల్లగా చెప్పింది. "ఆసుపత్రిలో పండుకొనే నాతో పట్టీ రాయించినారు, ఎవరి కాయితాలు వాళ్ళకు చేర్చల్లని. మీది మూడోది."

నేను ఏడవలేదు. కట్ట విప్పి లెక్కపెట్టాను. పందొమ్మిది ఇచ్చాను, పందొమ్మిదీ ఉన్నాయి. ఒక్కొక్క కాగితం మీద నా డబ్బాల అడుగుల తుప్పు గుండ్రంగా అట్లాగే ఉంది. లెక్క సరిపోయిన తర్వాతనే కూర్చున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఎవరైనా పేరెత్తి పొగిడితే, "నా పేరు బోర్డు మీద ఉంది, అది చాలు" అనేవాడు. నేను ఆయన్ని లాయరప్పా అని పిలిచేదాన్ని. ఇక్కడా అట్లాగే అంటాను.

నాలుగేళ్ళ కిందట మా గౌరికి ఇరవైరెండేళ్ళు. దాని తల్లి, అంటే నా కూతురు, హోసూరులో కంపెనీ పనికి పోతుంది. గౌరి నా దగ్గర, గొర్రెల మధ్యనే పెరిగింది. పదేళ్ళ వయసు నుంచీ కబడ్డీ దాని పిచ్చి. హోసూరులో ఒక కంపెనీ తన జట్టు కోసం దాన్ని నెల జీతం మీద తీసుకుంది. ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ళలో పందేలు జరిగితే, పిలిచిన జట్టు తరఫున కూతకు పోయేది. పోయిందంటే ఎవరినో ఒకరిని తాకకుండా గీత దాటి వెనక్కి వచ్చేది కాదు. ఒకరోజు సాధన ముగించుకొని, జట్టులో పిల్ల నడిపే స్కూటరు వెనుక కూర్చొని వస్తుంటే, సూళగిరి దగ్గర సర్వీసు రోడ్డులో ఒక లారీ చెయ్యి చూపకుండా తిరిగింది. స్కూటరు నడిపిన పిల్లకు గీరుకుపోయింది, అంతే. మా గౌరికి కుడి మోకాలు పోయింది.

పోయింది అంటే కాలు ఉంది. ఆపరేషను తర్వాత నడిచింది. కుంటు కూడా పెద్దగా తెలియదు. చూసినవాళ్ళందరూ, "బాగుంది కదమ్మా, దేవుడు కాపాడినాడు" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా గౌరి గోడవైపు తిరిగి పండుకొనేది. కంపెనీ మరుసటి ఏడాదికి జట్టు కాగితం మీద దాని సంతకం తీసుకోలేదు.

లారీకి ఇన్సూరెన్సు ఉంది, కేసు వెయ్యండి అని అందరూ చెబితే కృష్ణగిరికి పోయాను. మామిడికాయల మండీ దాటాక ఒక సందులో ఆయన ఆఫీసు. వసారాలో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చొని మల్లెపూలు కడుతున్నారు. వాళ్ళ ముందు తెల్ల పంచె, బనీను వేసుకున్న ఒక లావుపాటి మనిషి చేతిలో గడియారం పట్టుకొని గొంతుక్కూర్చొని ఉన్నాడు. పూల వ్యాపారి అనుకున్నాను.

"ఏమప్పా, ఈడ లాయరు యాడ ఉంటాడు?" అని అడిగాను.

"ఒక్క నిమిషం ఉండమ్మా, ఈ మూర అయిపోనీ," అన్నాడు తల ఎత్తకుండా.

మూర అయింది. అప్పుడు చూశాను, ఒక ఆమెకు కుడిచేతి రెండు వేళ్ళు లేవు. బస్సు తలుపులో పడి నలిగాయట. ఆమె ఒక మూర కట్టే లోపల రెండో ఆమె మూడు మూరలు కట్టింది. ఆయన ఒక పెళ్ళిపత్రిక వెనుక ఆ లెక్క రాసుకున్నాడు. వెనుకవైపు ఖాళీగా ఉన్న ఏ కాగితమూ ఆయన దగ్గర వృథా పోయేది కాదు. వచ్చిన కవర్లను విప్పి, తిప్పి, మళ్ళీ అంటించేవాడు. కోటు గల్లా చిరిగితే దర్జీ దగ్గర తిరగేసి కుట్టించుకున్నాడు. ఈ మనిషి దగ్గర నా డబ్బు దుబారా కాదని నాకు ఆ రోజే నమ్మకం కుదిరింది.

నేను జరిగిందంతా చెప్పి చివర, "పాపం, ఆడబిడ్డ" అన్నాను.

"అమ్మా, పాపం అనేదానికి కోర్టులో లెక్క లేదు," అన్నాడు. "ఆ బిడ్డ ఏం చేసేది, ఇప్పుడు ఏం చేయలేదు? ఆ రెండు నాకు తెలియల్ల. చెప్పొద్దు. చూపించు."

చూపించు అనేది ఆయన ఊతపదం. తాపీమేస్త్రీ వస్తే నిచ్చెన ఎక్కి చూపించమనేవాడు. టైలరు వస్తే సూదిలో దారం ఎక్కించమనేవాడు. ఫీజు దగ్గర నేను బేరం చేశాను, ఆయనా చేశాడు. బేరం చేయని మనిషిని నేను నమ్మను.

రెండు వారాల తర్వాత బస్సు దిగి, చెప్పులు చేతిలో పట్టుకొని, మా దొడ్డి దగ్గరికి వచ్చాడు. అప్పటికే గురుబరపల్లిలో ఒక ఆదివారమంతా గొడుగు వేసుకొని ఆడపిల్లల పందెం చూసి వచ్చాడట. చూసినా అర్థం కాలేదన్నాడు. గౌరి మంచం మీద కూర్చొని ఉంది. అప్పటికి ఎనిమిది నెలలుగా అది ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. ఆయన దాన్ని ఏమీ అడగలేదు. ఒక కట్టెపుల్ల తీసుకొని దొడ్డి ముందు నేల మీద గీతలు గీశాడు. పంచె ఎగ్గట్టాడు.

"అమ్మా, నువ్వు అవతల నిలబడు. నేను కూతకు వస్తాను, నువ్వు పట్టల్ల."

"నాకేం పని లేదనుకొన్నారా," అన్నాను. "నేను పట్టేదానికి రాను."

పక్కింటి మునెమ్మ కొంగు బిగించి వచ్చి నిలబడింది. ఆయన కబడ్డీ కబడ్డీ అంటూ గీత దాటాడు. నాలుగో అడుగుకే దమ్ము అయిపోయింది. అయినా చెయ్యి చాచి మునెమ్మను తాకబోయాడు. మునెమ్మ పక్కకు జరిగింది. ఆయన పోయి గొర్రెల తొట్టి పట్టుకొని నిలబడ్డాడు. గొర్రెలన్నీ ఒక్కసారిగా అరిచాయి.

"ఏం సారూ, గొర్రెను అవుట్ చేసినారా?" అని మునెమ్మ అడిగింది.

గౌరి నవ్వింది. ఎనిమిది నెలల తర్వాత ఆ నవ్వు విన్నాను. నేను అటు తిరగలేదు, తిరిగితే ఆపేస్తుందేమోనని.

"సారూ, మీరు కాలు నేలకు ఆనించి నిలబడినారు," అంటూ మంచం దిగింది. "నిలబడితే పట్టేస్తారు. బరువంతా కుడి మోకాలి మీద వంచి, ఎడమ కాలి వేళ్ళు ముందరికి పంపల్ల. తాకినాక నేరుగా వెనక్కి రాకూడదు. ఆ మోకాలి మీదనే గిరుక్కున తిరగల్ల."

"ఆ తిరగడం యాడ జరుగుతుంది పాపా?"

"ఈడ సారూ," అని మోకాలి లోపలివైపు వేలితో నొక్కి చూపించింది.

"అది లేకుంటే?"

"అది లేకుంటే కూతే లేదు సారూ."

ఆయన పెళ్ళిపత్రిక తీసి ఆ మాట ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు. తర్వాత దాహమని ఇంట్లోకి వచ్చాడు. నేను చెంబు అందిస్తుంటే ఆయన చూపు అలమార మీద నిలిచిపోయింది. ఉప్పు డబ్బా కింద నుంచి ఒక బొమ్మ కనిపిస్తోంది, జట్టు పిల్లల బొమ్మ.

"ఇదేందమ్మా?"

"కాయితం. ఊరకే వచ్చిన కాయితాన్ని పారేస్తారా? అలమారకు పరిచినాను."

అవి కబడ్డీ పందేల నోటీసులు. మా పక్క ఊళ్ళలో ఆడవాళ్ళ పందెంలో బాగా కూతపెట్టిన పిల్లకు పొట్టేలును ఇస్తారు. ఆ పొట్టేలును తోలుకొని పోయేటప్పుడు దారిలో ఎవరూ దొంగ సొత్తు అనకుండా, కమిటీవాళ్ళు ఆ నోటీసు వెనుకనే "ఈ పొట్టేలు ఫలానా ఆటగత్తెకు ఇచ్చినాము" అని రాసి సంతకాలు పెట్టి ఇస్తారు. గంజి ఖర్చు ఎందుకని నేను వాటిని అంటించలేదు, ఊరకే పరిచాను. అందుకే వెనుక రాతలన్నీ బాగున్నాయి. ఆయన డబ్బాలు ఒక్కొక్కటే దించి, కోడి కింది గుడ్లు తీసినట్టు కాగితాలు తీశాడు. కంపెనీ ఇచ్చిన జీతం కాగితం ఒక్క ఏడాదిదే. గౌరి ఆరేళ్ళుగా సంపాదిస్తోందని చెప్పేవి ఈ పందొమ్మిదే.

"వాపసు ఇయ్యల్ల," అన్నాను. "అలమార బోసిగా ఉంటుంది."

కవరు ముక్క మీద చీటీ రాసి ఇచ్చాడు. నేను దాన్ని ఉప్పు డబ్బాలో దాచాను.

పోయే ముందు పొట్టేళ్ళను చూస్తానన్నాడు. పొట్టేళ్ళు ఎప్పుడో అమ్ముడుపోయాయి, కొన్నింటికి బదులు ఆడగొర్రెలు కొన్నాము, వాటి పిల్లలున్నాయి అని చెప్పాను. ఏవి గౌరివో ఎట్లా తెలుస్తుందని అడిగాడు. చెవులు చూపించాను. మా మందలో ఒక్కొక్కరి సంపాదనకు ఒక్కొక్క గాటు. నా మొగుడిది చెవి కొన తెగ్గోత. నాది పక్క గాటు. గౌరి మొదటి పొట్టేలు గెలిచి తెచ్చిన రోజు దానికి నడిమి చీలిక వేశాను. మా వంశంలో ఆడపిల్లకు పెళ్ళి కాకముందే గాటు వేయడం అదే మొదలు. ఒకసారి ఒకరికి వేసిన గాటు ఇంకెవరికీ వేయము.

ఆయన ఒక గొర్రె చెవి పట్టుకొని చాలాసేపు చూశాడు.

"నాకైతే ఏం గాటు వేస్తావమ్మా?"

"ఈ మందలో మీ సంపాదన ఏముందప్పా?" అన్నాను. "సంపాదించినప్పుడు చూస్తాములే."

ఆయన నవ్వి, చెప్పులు చేతిలో పట్టుకొని బస్సుకు పోయాడు.

కేసు కాగితం తయారయ్యాక మమ్మల్ని పిలిచి చదివి వినిపించాడు. నాకు చదువు మూడో తరగతి, అదీ తెలుగు. ఆయనది ఇంట్లో తెలుగే గానీ తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. "మనిద్దరం కలిస్తే ఒక చదువుకున్న మనిషి," అనేవాడు. కాగితంలో ఒకచోట, కాలి దెబ్బ వల్ల ఈమె పెళ్ళి కష్టమవుతుంది, దానికీ పరిహారం ఇవ్వాలి అని ఉంది. అట్లా అడగటం కోర్టులో మామూలేనట. గౌరి తల వంచుకుంది.

"పాపా, ఇది ఉండనా, వద్దా?" అని ఆయన దాన్నే అడిగాడు.

"వద్దు సారూ."

"ఉండనీ సారూ," అన్నాను నేను. "వచ్చేది ఎందుకు పోగొట్టుకోవల్ల?"

"అమ్మా, డబ్బు ఖర్చయిపోతుంది, కాయితం ఉండిపోతుంది. ఈ మాట రేపు ఈ బిడ్డే చదువుకొంటుంది," అని, పెన్సిలుతో ఆ వరుస కొట్టేశాడు. "మనం అడిగేది ఆటకు. ఆట పోయింది. అది గట్టిగా అడుగుదాం."

ఆ రోజు నాకు కోపం వచ్చింది. బస్సులో గౌరితో మాట్లాడలేదు. ఆ కొట్టేసిన వరుస విలువ నాకు తర్వాత తెలిసింది.

ఇక నా తప్పు గురించి రాయాలి. రాయకపోతే ఈ మనిషి ఎట్లాంటివాడో తెలియదు.

ప్రమాదం జరిగిన మూడో నెలలో ఒకాయన ఫైలు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఇంట్లో ఎవరెవరు, ఎవరెంత సంపాదిస్తారు అని అడిగాడు. అప్పటికి వారం ముందే మునెమ్మ చెప్పింది, ముసలివాళ్ళ పింఛనుకు విచారణ జరుగుతోంది, ఇంట్లో సంపాదించేవాళ్ళుంటే ఆపేస్తారు అని. ఈయన తాలూకా ఆఫీసు మనిషే అనుకున్నాను.

"సంపాదనా? దానికి యాడ సంపాదన సామీ. ఆడుకొంటూ తిరిగే పిల్ల. ఒక్క పైసా తెచ్చింది లేదు," అన్నాను. రాసుకొని సంతకం పెట్టమన్నాడు. వేలిముద్ర కాదు, నాకు రాత వచ్చు అని గొప్పగా తెలుగులో సంతకం పెట్టాను.

ఆయన ఇన్సూరెన్సు కంపెనీ పంపిన మనిషి.

కేసు నడుస్తుండగా అవతలివాళ్ళు ఆ కాగితం బయటికి తీశారు. లాయరప్ప నన్ను పిలిపించాడు. గౌరిని వసారాలో కూర్చోబెట్టి నన్నొక్కదాన్నే లోపలికి రమ్మన్నాడు. కాగితం బల్ల మీద పెట్టాడు.

"ఈ సంతకం నీదేనా అమ్మా?"

"నాదే."

"ఈ మాట చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"నిజమా?"

నా జన్మలో నేను ఎవరి ముందూ తల దించలేదు. ఆ రోజు దించాను. "నిజం కాదు. పింఛను పోతుందని చెప్పినాను."

ఆయన నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "కోర్టులో కూడా ఇంతే చెప్పు. అడిగినదానికి జవాబు, అంతే. నిజానికి ఉప్పూ కారం వేయొద్దు," అన్నాడు.

"చెబితే పింఛను పోతుందా?"

"పోవచ్చు."

ఇంకొకడైతే ఏం కాదులే అమ్మా అనేవాడు. ఆయన ఆ మాట అనలేదు. పోవచ్చు అన్నాడు. అందుకే మిగతా మాటలన్నీ నమ్మాను. లేస్తూ అడిగాను, "నా మాట వల్ల బిడ్డకు ఏమీ రాకుండా పోతుందా?"

"అది నువ్వు బోనులో ఎట్లా నిలబడతావో దాన్ని బట్టి ఉంటుందమ్మా," అన్నాడు.

బయటికి వచ్చి గౌరికి నేనే చెప్పాను. అది నా చెయ్యి పట్టుకుంది. కోప్పడి ఉంటే బాగుండేది అనిపించింది.

కోర్టులో మాటలన్నీ అరవంలో జరిగాయి. నాకు వచ్చినట్టు రాస్తున్నాను. మొదట డాక్టరును అడిగారు. వైద్యుల బోర్డు ఆ కాలికి నూటికి ముప్పైఐదు వంతులే నష్టమని రాసింది. అవతలి లాయరు ఆ ముప్పైఐదునే పట్టుకున్నాడు. లాయరప్ప లేచాడు.

"ఈ కాలితో ఆమె గుడికి నడిచిపోగలదా డాక్టర్ సార్?"

"పోగలదు."

"బస్సు ఎక్కగలదా?"

"ఎక్కగలదు."

"ముగ్గురు పట్టుకొనేదానికి మీదికొస్తుంటే, ఈ మోకాలి మీద గిరుక్కున తిరగగలదా?"

డాక్టరు చేతిలోని కాగితం ఒకసారి చూశాడు. "లేదు."

"ఎప్పటికైనా?"

"ఎప్పటికీ లేదు."

ఆయన కూర్చున్నాడు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. మా దొడ్డి ముందు గౌరి వేలితో నొక్కి చూపించిన చోటు ఆ నాలుగు ప్రశ్నల్లో ఉంది.

తర్వాత నన్ను పిలిచారు. అవతలి లాయరు నా సంతకం చూపించాడు.

"అప్పుడు సంపాదన లేదన్నావు. ఇప్పుడు ఉందంటున్నావు. ఏది అబద్ధం?"

"అప్పుడు చెప్పింది అబద్ధం."

"ఎందుకు చెప్పినావు?"

"పింఛను పోతుందని."

వెనుక ఎవరో నవ్వారు. జడ్జి తల ఎత్తి చూస్తే ఆగిపోయారు.

"డబ్బు కోసం అబద్ధం చెప్పే మనిషివి. ఇప్పుడూ డబ్బు కోసమే కదా చెబుతున్నావు. ఈ నోటీసుల వెనుక రాతలు ఎవరైనా ఎప్పుడైనా రాసుకోవచ్చు. అవునా కాదా?"

లాయరప్ప నా వైపు చూశాడు. ఉప్పూ కారం వద్దు అన్నట్టు చూశాడు. కానీ నాకు ఆగలేదు.

"కాయితం మీద ఎవరైనా రాసుకోవచ్చు సామీ. గొర్రె చెవి మీద రాసుకొనేదానికి కాదు. నా మనవరాలు మొదటి పొట్టేలు తెచ్చిన దినమే దానికి గాటు వేసినాను. ఆ చీలిక ఇప్పుడు మా మందలో ముప్పైనాలుగు చెవులకు ఉంది, తల్లికీ పిల్లకీ. ఆఫీసరుకు నేను అబద్ధం చెప్పినాను. మందకు చెప్పలేదు."

జడ్జి రాయడం ఆపాడు. "ఆడపిల్లకు వేరే గాటు వేస్తారా మీ పక్క?" అని నన్నే నేరుగా అడిగాడు.

"వేయరు సామీ. సంపాదించింది గనక వేసినాను."

ఆయన అది రాసుకున్నాడు. అవతలి లాయరు కాగితాలు మడిచి కూర్చున్నాడు.

బయట మెట్ల దగ్గర లాయరప్ప కోటు విప్పి మడత పెడుతున్నాడు. తిడతాడని నిలబడ్డాను. "ఆ ఒక్క రాయి ఉప్పు సరిపోయిందమ్మా," అన్నాడు.

చివరి వాదన రోజు అవతలివాళ్ళు ఇంకొక మాట తెచ్చారు. ఆట ఎన్నాళ్ళుంటుంది, ముప్పై ఏళ్ళకు ఆమే మానేసేది, మరి ముసలితనం దాకా లెక్క ఎందుకు అని. ఆ మాట నాకూ నిజమే అనిపించి భయపడ్డాను. ఆయన కాదనలేదు. "ఆట చిన్నదే. కానీ ఆడిన పిల్లకే ఆట కోటాలో ఉద్యోగం. ఆడిన పిల్లే కోచ్ అవుతుంది. ఆ తలుపు తెరిచేది ఆ మోకాలే," అన్నాడు.

తీర్పు మేము అడిగినంతా ఇవ్వలేదు. ఆడే ఏళ్ళకు కాలు పూర్తిగా పోయినట్టే లెక్క కట్టారు, ఆ తర్వాతి ఏళ్ళకు డాక్టరు చెప్పినంతే. ఎంత వచ్చిందో రాయను, అది గౌరి సొత్తు. నాకు జ్ఞాపకం ఉన్నది వేరు. ఆయన తీర్పు కాగితం తెచ్చి, వేలు పెట్టి ఒక వరుస చూపించి, తెలుగులో చెప్పాడు. అవతలివాళ్ళ కాగితంలో గౌరి పేరు పక్కన "పని ఏమీ లేదు" అని ఉండేది. తీర్పులో అదే చోట "వృత్తి: కబడ్డీ క్రీడాకారిణి" అని ఉంది.

గౌరి ఆ వరుస మూడుసార్లు చదువుకుంది. కొట్టేసిన పెళ్ళి వరుస ఆ కాగితంలో ఉండి ఉంటే, గౌరి కన్ను ముందు దాని మీదికే పోయేది. ఆ రోజు బస్సులో గౌరితో మాట్లాడాను, కిటికీ పక్క సీటు నాకియ్యలేదని అరిచాను కూడా.

తర్వాత నేనే తాలూకా ఆఫీసుకు పోయి నిజం చెప్పాలనుకున్నాను. కోర్టులో ఒకటి, ఆఫీసులో ఒకటి ఉండకూడదు కదా. ఎవరికీ చెప్పలేదు, గౌరి చెప్పినట్టుంది. వరుసలో నిలబడి వెనక్కి చూస్తే ఆయన ఉన్నాడు, చేతిలో చెప్పులు. ఆఫీసు గచ్చు మీద కూడా చెప్పులు విప్పేవాడు. నేను నా మాట చెప్పాను. గుమాస్తా ఆయన్ని చూసి, "ఈయనెవరు?" అని అడిగాడు.

"మా తమ్ముడు," అన్నాను.

ఆయన దగ్గి, గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. అది అబద్ధమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. పింఛను మూడో నెలలో ఆగింది. పోవచ్చు అన్నాడు కదా, పోయింది. నేను బాధపడలేదు అంటే ఉప్పూ కారం వేసినట్టవుతుంది. బాధపడ్డాను. కానీ ఆ నెల నుంచి ఎవరు ఫైలు పట్టుకొని గడప తొక్కినా నా గుండె అదరలేదు.

ఆయనకు ఒక గొర్రెపిల్లను తోలుకొని పోయి ఇద్దామనుకున్నాను. "మిద్దె మీద మేపనా?" అని వద్దన్నాడు. అటువైపు పోయినప్పుడల్లా సేరు రాగిపిండి ఇచ్చి వచ్చేదాన్ని. పిండి తీసుకొని, ఆ సంచి ఉతికి, ఆరబెట్టి, తర్వాతిసారికి మడిచి ఉంచేవాడు. జబ్బు సంగతి ఒక్కసారీ చెప్పలేదు. పోయిన నెల పోయినప్పుడు తలుపు వేసి ఉంది. ఊరికి పోయాడేమో అనుకొని వచ్చేశాను.

లాయరమ్మ వెళ్ళిపోయాక నోటీసులు మళ్ళీ అలమారలో పరిచాను. గౌరి, "ఫ్రేము కట్టిద్దాం అవ్వా" అంది. ఫ్రేము ఎందుకు, దండగ. ఉప్పు డబ్బాలో నుంచి ఆయన రాసిచ్చిన చీటీ తీశాను. కాగితాలు వాపసు వచ్చాయి గనక చీటీ తిరిగి ఇచ్చేయాలి. ఎవరికివ్వాలో తోచలేదు. మళ్ళీ డబ్బాలోనే పెట్టాను.

గౌరి ఇప్పుడు బేరిగైలో బడిపిల్లలకు కూత నేర్పుతుంది. ఆదివారం నాడు అది ఇంట్లోనే ఉంది. దాని చీలిక గాటున్న గొర్రె ఒకటి పదిరోజుల కిందట ఆడపిల్లను ఈనింది. ఆ పిల్లను పట్టుకొమ్మన్నాను.

"చీలికేనా అవ్వా?"

"కాదు," అన్నాను.

కత్తి కాల్చి, పసుపు దగ్గర పెట్టుకొని, చెవి కింది అంచున చిన్న గాటు వేశాను. ఆ కింది అంచు గాటు మా మందలో ఇంతవరకు ఎవరికీ లేదు. పిల్ల ఒకసారి అరిచి, గౌరి చేతుల్లో నుంచి దూకి తల్లి దగ్గరికి పరుగెత్తింది.

"ఇది ఎవరి గాటవ్వా?" అని మునెమ్మ అడిగింది. నేను కత్తి కడిగి పక్కన పెట్టాను. సంపాదించినప్పుడు చూస్తాములే అని లాయరప్పతో నేను ఒక మాట అన్నాను, అది బాకీ ఉండకూడదు. ఆ గాటు మా మందలో ఇంకెవరికీ వేయము.